అడగని ప్రశ్నకు జవాబు

2003లో నన్ను ఒక దినపత్రిక ఏలూరు ఎడిషన్‌కు సబ్ ఎడిటర్‌గా వేశారు. జిల్లా అనుబంధంలో మూడో పేజీ నాది. అందులో ప్రతి ఆదివారం పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఉండేది. అయిదు ప్రశ్నలు, అయిదు జవాబులు. జవాబులో మొదటి వాక్యం నవ్వించాలి, రెండోది నమ్మించాలి అన్నది మా డెస్క్ ఇన్‌ఛార్జి పెట్టిన నియమం.

ఆ పని నాకు ప్రాణం. "ఉల్లిపాయ కోస్తే ఏడుపొస్తుంది కదా, తాడేపల్లిగూడెం మార్కెట్లో రోజంతా ఉల్లి బస్తాలు మోసేవాళ్ళు ఎందుకు ఏడవరు?" అని ఒకరు అడిగారు. ఉల్లి పగ కోసినవాడి మీదే గాని మోసినవాడి మీద కాదని రాసి, పాయను కోసినప్పుడే కళ్ళు మండించే వాయువు పుడుతుందని వివరించాను. వారం రోజులు నా భుజం నేనే తట్టుకున్నాను.

కొన్ని వారాలు పాఠకులు ప్రశ్నలు రాసి పంపే కార్డులు సరిపడా వచ్చేవి కావు. పేజీ మాత్రం శనివారం సాయంత్రం నాలుగుకల్లా అచ్చుకు వెళ్ళిపోవాలి. అప్పుడు ప్రశ్న కూడా మేమే రాసి, కింద తోచిన పేరూ ఊరూ పెట్టేవాళ్ళం. దాన్ని డెస్క్ ప్రశ్న అనేవాళ్ళం. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

అలా ఒక వారం, చెరువుల్లో చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయెందుకు అని రాశాను. కింద యేసురత్నం అనే పేరు, కొల్లేటి లంక ఊరొకటి పెట్టాను. కాపలావాడు మేలుకునే ఉన్నాడో లేదో చూసిపోవడానికి అని చమత్కరించాను. ఆ తరువాత అసలు సంగతి: రాత్రంతా నీటిలోని నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది, తెల్లవారేసరికి అది తగ్గిపోయి చేపలకు ఊపిరాడదు.

బుధవారం ఒకాయన ఆఫీసుకు వచ్చారు. యాభై దాటిన మనిషి, చేతిలో మడత పెట్టిన ఆ పేజీ. పేరు యేసురత్నం, ఊరు అదే, పని చేపల చెరువు కాపలా.

"ఇది నేనడగలేదండి. మా ఆసామి నమ్మట్లేదండి. చేపలకి ఊపిరాడకపోతే నాకు చెప్పాలి గాని పేపరోళ్ళకి రాస్తావా, గట్టు మీద నిద్రపోతున్నావా అని పనిలోకి రావద్దన్నారండి. చెరువుకేం కాలేదండి. నేను కునుకు కూడా తీయనండి."

తన పేరున వచ్చిన కార్డు చూపిస్తే దస్తూరీ గుర్తుపడతానన్నారు. పాత కార్డులు పారేస్తామండీ అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది.

"అయితే మా బావమరిదేనండి. వాడికే నా మీద కోపం. ఇవాళ తేల్చేస్తానండి" అంటూ లేచారు.

ఇక చెప్పక తప్పలేదు. కార్డే లేదని, ప్రశ్నా పేరూ నేనే రాశానని చెప్పాను. ఆయన మళ్ళీ కూర్చున్నారు.

"మరి నా పేరు మీకెవరు చెప్పేరండి?"

"ఎవరూ చెప్పలేదండి. ఊరికే తోచింది."

"తోచడానికి నా పేరే దొరికిందాండీ?"

జరిగింది కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఆయనతో పాటే బస్సెక్కి ఆసామి ఇంటికి వెళ్ళాను. ఆసామి మజ్జిగ ఇప్పించి, కాగితం రెండుసార్లు చదివారు.

"బాగానే ఉందండి. మరి ఆదివారం పేపరు చదివినోళ్ళందరికీ ఇది చూపించుకుంటూ తిరగమంటారా ఏవండీ? చేపలు కొనేవాళ్ళు ఫోన్లు చేసి అడుగుతున్నారు. పేపర్లో వచ్చింది పేపర్లోనే పోవాలండి. అప్పుడు రమ్మనండి పనిలోకి."

ఆ సంగతి పేపర్లో వేయడానికి ఇన్‌ఛార్జి ఒప్పుకోలేదు. ఒకటి కల్పితమని ఒప్పుకుంటే మిగిలినవి ఎవరు నమ్ముతారన్నారు. ఆయనన్నదీ నిజమే. అయినా శనివారం పేజీ తయారుచేసి ఆయన ముందు పెట్టాను. మొదటి ప్రశ్న: పోయిన ఆదివారం చేపల ప్రశ్న ఎవరడిగారు? అడిగినవారి చోట నా పేరు, నా హోదా. జవాబు: నేనే. ఆ పేరు గలవారు ఏమీ అడగలేదు, వారు కాపలా కాసే చెరువు గురించి రాసిందీ కాదు. నవ్వించే వాక్యం ఎక్కడా పెట్టలేదు.

ఇన్‌ఛార్జి సంతకం లేనిదే పేజీ అచ్చుకు వెళ్ళదు. నాలుగు కావస్తుండగా ఆయన సంతకం చేశారు. సోమవారం నుంచి మార్కెట్ ధరలు చూసుకోమన్నారు.

యేసురత్నం గారు పనిలోకి వెళ్ళారని ఆ ప్రాంత విలేకరి చెప్పాడు. శీర్షిక మళ్ళీ నా చేతికి రాలేదు. జవాబు తప్పయితే సవరణ వేసి సరిపెట్టవచ్చు. మనిషి అడగనిది అతని చేత అడిగించడం అంతకన్నా పెద్ద తప్పు. రిటైరయ్యేవరకు, ఏ పేరైనా అచ్చుకు పంపేముందు ఆ మనిషి ఉన్నాడా, ఆ మాట అన్నాడా అని కనుక్కున్నాకే పంపాను.