కంప్యూటరు గది ముందు చెప్పుల జత

మా ఆయన ఆదికేశవులు ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు గదికి అటెండరు. అంతకు ముందు పద్నాలుగేళ్లు అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటులో స్ప్రింగులు చేసే కంపెనీలో ఉన్నారు. మనిషి లేని మిషను తిరగకూడదని అక్కడ నేర్చుకున్నారు. కంపెనీ మూతపడి తొంభై అయిదులో కాలేజీలో చేరినప్పుడు ఆ నియమం కూడా ఆయన వెంటే వచ్చింది.

దుమ్ము పడుతుందని ఆ గదిలోకి చెప్పులతో రానిచ్చేవాళ్లు కాదు. లోపల ఏసీ, పన్నెండు కంప్యూటర్లు. సాయంత్రం ఆరింటికి ఆయన తలుపు బయట చూసేవారు. ఒక్క జత చెప్పులు కూడా లేకపోతే లోపల ఎవరూ లేనట్టే. వరసగా అన్నిటినీ ఆపి, తాళం వేసి వచ్చేవారు. రెండేళ్లలో తన మీద ఒక్క ఫిర్యాదు లేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేవారు.

తొంభై ఏడు ఫిబ్రవరిలో నివేదిత అనే ఎం.ఇ. చదివే అమ్మాయి ఆ గదిలో ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఒక పెద్ద లెక్కను ఆరు ముక్కలు చేసి ఆరు కంప్యూటర్లలో ఒకేసారి నడిపించడం ఆ ప్రాజెక్టు. ఎవరైనా వచ్చి కీబోర్డు ముట్టుకుంటే అందులో ఉన్న ముక్క సగంలో లేచి, ఎంతవరకు చేసిందో గుర్తుపెట్టుకుని, ఖాళీగా ఉన్న ఇంకో కంప్యూటరుకు పోవాలి. అక్కడ మిగతాది కొనసాగించాలి. ఒక దాని మీదే భారం పడకూడదు, ఇంకొకటి ఊరికే కూర్చోకూడదు. నాకు తెలిసింది ఇంతే, అదీ ఆ అమ్మాయి తరవాత చెప్పగా. లెక్క తేలడానికి మూడు రోజులు కావాలి. సోమవారం బయటి నుంచి ఎగ్జామినరు వస్తాడు. ఆయనకు చూపించలేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి.

రెండుసార్లు మొదలుపెట్టింది. రెండుసార్లూ తెల్లారి, మా ఆయన మిషన్లన్నీ మళ్లీ వేశాక, వచ్చి చూస్తే ఏమీ లేదు. తను రాసిన ప్రోగ్రాములోనే తప్పుందని, వాక్యం వాక్యం వెతుక్కుంటూ ఏడ్చిందట. మూడోసారి గురువారం. అయిదింటికి వెళ్లిపోయి, టిఫిను డబ్బా మరిచిపోయానని ఆరింటికి వెనక్కి వచ్చింది. అప్పటికి మా ఆయన మూడు కంప్యూటర్లు ఆపేసి ఉన్నారు.

"ఐయో అన్నా, ఎన్న పణ్రీంగ, ఏం చేస్తా ఉండారు? ఎందుకు ఆపేస్తా ఉండారు?"

"ఎవురూ లేరు కదా పాపా. బయట ఒక్క చెప్పు కూడా లేదే."

"నా లెక్క నడస్తా ఉండాది దాంట్లో!"

"నువ్వు ఆ మూల మిషన్లో కదా కూచునేది? దాన్ని నేనింకా ముట్టుకోనే లేదే."

"అది ఈడికి వచ్చేసింది అన్నా."

"ఎవురు తెచ్చినారు?"

"అదే వచ్చింది. ఎవురూ లేని చోటు చూసుకోని వస్తాది."

"ఎవురూ లేని చోటే కదా పాపా నేను ఆపేది!"

ఆ మాట అన్నాక ఆయన ఆపిన మూడు కంప్యూటర్లనూ మళ్లీ వేశారట.

ఆమె అప్పటికప్పుడే కూర్చుని ఏడు గంటలకు లెక్క మళ్లీ మొదలుపెట్టింది. "నీ చెప్పులు ఒక జత ఈడ పెట్టిపో పాపా. చెప్పులుంటే నా చెయ్యి లేవదు" అన్నారు ఈయన. శనివారం డ్యూటీ ఇంకో అటెండరు రంగసామిది. అతనికీ అదే గుర్తు.

"లెక్కకు చెప్పులా అన్నా?" అని నవ్వింది గానీ, కాళ్లకున్నవే విడిచి ఒట్టి కాళ్లతో బస్సెక్కింది.

ఇంటికొచ్చి ఆయన అన్నం ముందు కూర్చున్నారు, కలపలేదు.

"రెండుసార్లు ఆ పిల్ల తన తప్పనుకోని ఏడ్చినాదే. చేసింది నేను. అయినా పని లేచి ఇంకో చోటికి ఎట్టా పోతాదే? నువ్వు బియ్యం ఏరతా ఉంటే పక్కింటి రాసాత్తి చేతిలోకి పోతాయా?"

"నేను లేచిపోతే ఆమెకు చేటిచ్చి పోతాను. ఆమె ఏరతాది."

"ఆమెకు చెప్పి ఇస్తావు. ఇది ఎవురికీ చెప్పకుండా పోతాదంట."

నేనే అన్నం కలిపి కంచం ఆయన వైపు జరిపాను.

ఆదివారం సెలవు. అయినా తాళంచెవి అడిగి తీసుకుని ఎనిమిదింటికే కాలేజీకి వెళ్లారు. మధ్యాహ్నం నేను క్యారియరు పట్టుకెళ్లాను. గది ముందు నివేదిత చెప్పులు, వాటి పక్కన ఈయనవి. లోపల ఈయన ఒక కంప్యూటరు ముందు నుంచి ఇంకోదాని ముందుకు తిరుగుతున్నారు. తెరలన్నీ నల్లగా ఉన్నాయి. ఒక వేలితో కీబోర్డు తాకుతున్నారు. తెర వెలగగానే ఊపిరి వదిలి పక్కదానికి పోతున్నారు.

"ఏం చేస్తా ఉండారు?"

"బతికుండాదా లేదా అని చూస్తా ఉండాను. నల్లగా ఉంటే ఎట్టా తెలస్తాది?"

అప్పుడే నివేదిత వచ్చింది. తన కంప్యూటరులో ఏదో చూసుకుని తల పట్టుకుంది.

"అన్నా, పొద్దున్నుంచి నూట నలభైసార్లు లేచి పోయినాదే! మీరు తాకితే మనిషొచ్చినాడని లేస్తాది. ఇంక పనెప్పుడు చేసేది?"

"కాపలా కాస్తా ఉండాను పాపా."

"కాయొద్దన్నా. దూరంగా ఉంటే సాలు."

ఆయన మొహం చూడలేకపోయాను. సాయంత్రం దాకా తలుపు బయట, చెప్పుల పక్కన నేల మీద కూర్చున్నారు. అన్నం అక్కడే తిన్నారు.

సోమవారం పదింటికి ఎగ్జామినరు వచ్చేసరికి లెక్క తేలలేదు. ఆ అమ్మాయి, ముక్కలు ఎప్పుడెప్పుడు ఎక్కడికి పోయాయో రాసి ఉన్న కాగితాలు ఇచ్చింది. ఆయన ఆదివారం పేజీల దగ్గర ఆగిపోయాడు. ఇన్నిసార్లు కదిలినా ఒక్క అంకె పోలేదే, ఇంత గట్టిగా ఎవరు పరీక్షించారని అడిగాడు. నివేదిత తలుపు బయట కూర్చున్న మా ఆయన వైపు చూపించింది. పన్నెండున్నరకు లెక్క తేలింది, సరిగ్గానే. అంతదాకా ఎగ్జామినరు కూర్చునే ఉన్నాడట. ఆమె పాసయింది.

"తప్పు చేసినందుకు నా చెయ్యి పట్టుకోని ఊపినాడే ఆ ఎగ్జామినరు. నేనేం చేసినానో నువ్వైనా చెప్పు" అన్నారు ఇంటికొచ్చి. చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఒకసారి అడిగారు.

ఆయన పోయి మొన్న ఆడి నెలకు ఏడాది అయింది. వాకిట్లో ఆయన చెప్పులు అలాగే ఉన్నాయి. మా అక్క కస్తూరి వచ్చినప్పుడల్లా తీసి పారెయ్యమంటుంది. ఆమె చెప్పేది సబబే. ఎన్నోసార్లు వంగాను కూడా. చెయ్యి లేవడం లేదు.