తలకిందుల కలబంద

మా అమ్మ కలబందను ఇంట్లోనే పెంచేది. వీధి అరుగు మీద పెడితే, కొండ దిగి అలిపిరి మీదుగా వచ్చేవాళ్ళు కాలి బొబ్బలకని ఆకులు తుంచుకుపోతారు. అందుకే కిటికీ గట్టు మీద పగిలిన కుండలు, అడుగున చిల్లులు పొడిచిన నూనె డబ్బాలు. ఏటి ఇసుక సగం, మట్టి సగం. మన్ను పూర్తిగా ఎండితేనే నీళ్ళు. "ఇది ఆకలికి సావదు మే, పెట్టేది ఎక్కువైతే సస్తాది" అనేది నాతో.

ముచ్చటకు పెంచిందనుకునేరు, మందుకు పెంచింది. మా నాయన కొట్టేవాడు. అంగడి మూసి వచ్చి, కూరలో ఉప్పు చాలలేదని బెల్టు తీసేవాడు. ఒకసారి కాగే చారు గిన్నె విసిరాడు. అమ్మ ఏడవకుండా పోయి ఒక ఆకు కోసి, పసుపు జిగురు కారిపోయేదాకా నిలబెట్టి, చీల్చి, కాలినచోట రుద్దుకునేది. కుండల్లో మొండి కాడలు చూస్తే చాలు, మా ఇంట్లో ఏం జరిగిందో పక్కింటామెకు తెలిసిపోయేది.

కొట్టిన మర్నాడు నాయనకు ప్రేమ పుట్టుకొచ్చేది. నోటితో ఒక్క మాట అనడు గానీ, చెంబు తీసుకుని కుండలన్నిటికీ నిండా నీళ్ళు పోసేవాడు. అమ్మ వద్దంటే మళ్ళీ కోపం. ఇంకెవరు చెప్తారు? ఆ వానాకాలం వేళ్ళు కుళ్ళి, మొక్కలన్నీ పట్టుకుంటే ఊడి వచ్చాయి. పాడు ప్రేమ! దెబ్బలకు మందుగా అమ్మ కోసుకోగా మిగిలినవాటిని ఆ ప్రేమే చంపింది.

ఇక మిగిలింది వాకిలి పైన తలకిందులుగా వేలాడే కలబంద. దిష్టి తగలకూడదని, నాయన పేరు చెప్పి, అమావాస్యనాడు మా అవ్వ కట్టింది. మన్నూ నీళ్ళూ లేకుండానే అది ఆకులు పైకి వంచుకుని బతికేది. దించితే నాయన ప్రాణానికే ముప్పని ఇంట్లో అందరి నమ్మకం. అందరికంటే నాయనకు ఎక్కువ.

ఒక సాయంత్రం, బడి నుంచి ఆలస్యంగా వచ్చానని, ఆ బెల్టు నా వీపు మీద పడింది. తోలు లేచి నెత్తురు కారింది. అమ్మ కిటికీ వైపు చూసింది. అన్నీ ఖాళీ కుండలే. కొడవలి తీసుకుని, వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని ఎక్కింది.

"ఏమే! నా కొడుకు పేరున కట్టిందే అది! దించితే వానికేమన్నా అయితే?" అని అవ్వ అరిచింది.

"అయితే కానీలే అత్తా. నా బిడ్డకయ్యింది నీకు కనపళ్ళేదా?"

తాడు తెగింది. నాయన చేతిలో బెల్టు అట్లాగే ఆగిపోయింది. "మే, దాన్ని మళ్ళా ఆడనే కట్టేయి మే" అన్నాడు. ఆయన బతిమాలడం నేను చూడటం అదే మొదలు.

అమ్మ ఒక ఆకు కోసి నా వీపుకు రాసింది. మిగిలినదాన్ని కుండలో నాటి ఆయన మంచం తలాపున పెట్టింది. "ఇదో సూడు. నీ పానం దీంట్లోనే ఉండాది. ఇంకొకసారి ఎవురి మీదన్నా చెయ్యి లేచిందంటే, దీన్ని ఏర్లతో పెరికి పొయ్యిలో ఏస్తా."

మళ్ళీ ఆయన చెయ్యి లేవలేదు. మనిషి మారినాడబ్బా అని వీధిలో చెప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కోపం వస్తే వానికి ఒళ్ళు తెలియదని అవ్వ అన్నేళ్ళూ వెనకేసుకొచ్చింది. ఒళ్ళు తెలిసే కొట్టాడు. ఆపడం చేతనైనవాడే. తన ప్రాణం అనేసరికి ఆ పూటే ఆపేశాడు.