రాజు, పండు, మా ఉస్తాద్

ఆ రోజుల్లో అన్యాయం జరిగితే నిలదీయాలన్న పౌరుషం నాకు నిండుగా ఉండేది. నిలదీస్తే ఉద్యోగం ఉంటుందా అన్న భయం అంతకన్నా నిండుగా ఉండేది. తొంభైల మొదట్లో, మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో, బొమ్మలకు ఫ్రేములు కట్టే దుకాణంలో నా పని. యజమాని హైదరాబాదు మనిషి, అందరికీ ఉస్తాద్. మొహం గుండ్రం, కోపం ముక్కు మీద. ఒకరోజు యూనివర్సిటీలో ఫ్రెంచి చెప్పే మేడం నాలుగు పాత అచ్చుబొమ్మలు తెచ్చింది. వెనకటికి వాళ్ల ఫ్రాన్సు రాజును వెక్కిరిస్తూ వేసినవట. మొదటిదాంట్లో రాజు మొహం, తర్వాతిదాంట్లో బుగ్గలు జారి, ఆ తర్వాత కళ్లూ ముక్కూ కరిగి, చివరిదాంట్లో అచ్చంగా బేరిపండు. గీసినవాణ్ని జైల్లో పెట్టారని వచ్చీరాని హిందీలో చెప్పింది. (పండు గీస్తే జైలేమిటని నాకు అప్పుడే ఒళ్లు మండింది.) నాలుగూ ఒకే ఫ్రేములో వరసగా కట్టమంది.

నేను రాజును ఎడమ చివర పెట్టి పేర్చాను. ఉస్తాద్ వచ్చి వరస మొత్తం తిరగేసి, రాజును కుడి చివరకు చేర్చాడు. "అరే, ఈడ అరబ్బులు కుడిదిక్కుకెళ్లి సదువుతర్రా. గింత గూడ తెల్వదా నీకు?"

"ఫ్రెంచోళ్లు ఎడమకెళ్లి జూస్తరు ఉస్తాద్."

"దుకాణం నాదా, ఫ్రెంచోళ్లదా?"

దుకాణం ఆయనదే కాబట్టి అలాగే కట్టాం. మేడం వచ్చి చూసి మొహం చిట్లించగానే ఉస్తాద్ వేలు నావైపు తిరిగింది. కొత్తవాడు, బుద్ధి లేదు, టికెట్ కొనిచ్చి ఇండియా పంపించేస్తానన్నాడు. ఆవిడ ఇంకాసేపు చూసి నవ్వింది. "రాజు పండైతే అది మా ఒక్క దేశం కథ. ఇక్కడ పండే రాజైంది, ఇది అన్ని దేశాల కథ. ఇలాగే ఉండనివ్వండి" అంది. "ఐడియా నాదే మేడం" అన్నాడు ఉస్తాద్.

తిట్లు నాకు, మెప్పు తనకు. ఇన్నేళ్లైనా అది నాకు మింగుడు పడలేదు. మర్నాడు మధ్యాహ్నం, దుకాణం మూసిన వేళ, ఒక అట్టముక్క మీద కసితీరా గీశాను: ఎడమ చివర ఉస్తాద్ మొహం, కుడి చివర గుమ్మడికాయ, మధ్యలో రెండు మజిలీలు. దొరికితే టికెట్టే. అయినా బల్ల మీద వదిలేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడు కదా, నాకది చాలు.

ఉస్తాద్ కళ్లజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం కుడి చివర మొదలుపెట్టాడు. గుమ్మడికాయకు కళ్లొచ్చాయి, ముక్కొచ్చింది, మీసమొచ్చింది, చివరికి తానే వచ్చాడు. "కాయను మనిషిని జేసినవ్ బేటా. మేడం రాజు లెక్కనే" అన్నాడు.

కాదు ఉస్తాద్, అటునుంచి చూడు అని అరవాలనిపించింది. అరిస్తే ఉద్యోగం ఊడుతుంది. బంగారు రంగు ఫ్రేము తీసి, తనే కట్టి, గల్లాపెట్టె పైన తగిలించాడు. ఫ్రాన్సులో గీసినవాడికి కనీసం జైలైనా దక్కింది. నాకు దక్కింది రోజూ ఆ అద్దం తుడిచే డ్యూటీ. ఎడమ చివర మొదలుపెట్టి, గుమ్మడికాయ దగ్గరికి వచ్చాక కాస్త గట్టిగా రుద్దేవాణ్ని. అంతకు మించిన తిరుగుబాటు పాపం అప్పటి నాలోని ఆ కుర్రవాడికి చేతకాలేదు. అయినా వాడు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది.