తాలు ఎవరిదో తేలిన ఆదివారం

మేమిద్దరం నడిపే మిర్చి ధరల వెబ్‌సైట్‌కు రెండు సగాలు ఉండేవి. ఖమ్మం యార్డులో పొద్దున జెండా పాట పాడి ఆ రోజు పై ధర తేల్చగానే దాన్ని ఎక్కించే సగం చెల్లెది. ఏన్కూరు, టేకులపల్లి వైపు రైతులు దాన్ని ఫోనులో చూసుకుని, రేపు యార్డు ఉందో లేదో తెలుసుకుని బండి మాట్లాడుకునే సగం నాది.

చెల్లె నా తోడబుట్టింది కాదు. యార్డు ఎదుట గోనెసంచులు అమ్మే వాళ్ళ అమ్మాయి. ఒకే ఆఫీసులో పని చేసినప్పటి నుంచి నన్ను అన్నా అంటుంది. వాళ్ళ నాన్న నాకు చాచా.

రెండు సగాలూ రెండు వేరు ఫ్రేమ్‌వర్కుల మీద కట్టినవి. ఫ్రేమ్‌వర్కంటే ఎక్కడెక్కడి వాళ్ళో ఉచితంగా రాసి, ఎవరైనా వాడుకోండని వదిలిపెట్టిన పునాది. నా పునాది గొప్పదని నేను, తనది గొప్పదని తను. ఆ పంతంతోనే ఏళ్ళు గడిచాయి.

ఇంతలో ఆ రెండు ఫ్రేమ్‌వర్కులూ కలిసిపోతున్నాయని ప్రకటన వచ్చింది. పాతవాటికి మరమ్మతులు ఆపేస్తారట. మా తెలుగు డెవలపర్ల గ్రూపులో ఒకటే గోల. రాసిన కోడ్ నడుస్తుందా, ఎవరి పద్ధతి ఉంచుతారు, తగవొస్తే ఎవరి మాట చెల్లుతుంది? అన్నీ న్యాయమైన భయాలే. నా భయం మాత్రం అంత న్యాయమైనది కాదు. అడవి వైపు సిగ్నల్ పోయినా పేజీ తెరుచుకునేలా నేనొక ప్లగిన్, అంటే ఫ్రేమ్‌వర్కుకు తగిలించే చిన్న కోడ్, రాశాను. నా ఫ్రేమ్‌వర్క్ వాళ్ళు దాన్ని మెచ్చుకుని తమలో చేర్చుకున్నారు. అదే పని చేసేది అవతలి దాంట్లోనూ ఉంది. రెండింట్లో ఒకటే ఉంటుందన్నారు.

ఆ ఉక్రోషంలో గ్రూపులో రాసేశాను: "మన తేజలో వాళ్ళ తాలు కలుపుతున్నరు."

తేజంటే మా దగ్గర మంచి ధర పలికే మిర్చి రకం, తాలంటే రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. గుప్పెడు కనబడినా కొనేవాడు బస్తా మొత్తానికి ధర తగ్గిస్తాడు. మా వైపు ఇంతకన్నా పెద్ద తిట్టు అక్కర్లేదు.

చెల్లె వెంటనే ఫోన్ చేసింది.

"అన్నా, నేను తాలునా?"

"నిన్ను కాదు చెల్లె, ఆ ఫ్రేమ్‌వర్క్‌ను…"

"ఇన్నేండ్ల సంది నేను రాసేది దాంట్లనే గద. సరే, నీ తేజ నువ్వు అమ్ముకో. నా సగం నేను బంద్ పెడుత."

ఫోన్ పెట్టేసింది. ధర ఎక్కించే సగం లేకపోతే నా సగం ఉట్టి తెల్ల కాగితం. సీజన్ దగ్గరపడుతోంది. తప్పు నాదేనని తెలుసు. ఒప్పుకోవడానికి ఆదివారం దాకా ఆగాను, అదీ శని, ఆదివారాలు యార్డు బంద్ కాబట్టి జనం తక్కువుంటారని.

చాచా దుకాణంలో సంచులు కడుతూ నన్ను చూసి నవ్వాడు.

"రా బేటా, తాలు ఏరనీకె వచ్చినవా?"

వార్త ఇంటిల్లిపాదికీ చేరిపోయింది.

"తప్పైంది చెల్లె," అన్నాను.

"తప్పైందంటె కాదన్నా. కూసో. ఇద్దరి సరుకు పోసి చూద్దాం. తాలు ఎవరిదుంటె వాళ్ళే ఏరాలె."

గోనెసంచుల కట్ట మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి రెండు సగాలనూ తెచ్చాం. ముందు చెల్లె నా ప్లగిన్‌తో తన ఫోనులో పేజీ తెరిచి, నెట్ ఆపేసి పక్కన పెట్టింది. చాయ్ తాగి, తేదీని రెండు రోజులు ముందుకు జరిపి మళ్ళీ తెరిచింది.

"రేపు యార్డు ఉంది" అని పెద్ద అక్షరాల్లో ధీమాగా చెబుతోంది నా పేజీ.

"ఏ రేపు అన్నా?"

తర్వాత చెల్లె తన ఫ్రేమ్‌వర్క్‌లోని దానితో అదే చేసింది. "ఇది పాత సమాచారం" అని మీదనే వచ్చింది, ఏ రోజుదో కూడా.

కిందటి సీజన్‌లో, టేకులపల్లిలో మిర్చి పండించే మా బాబాయి శనివారం పొద్దున్నే ట్రాలీ ఆటోతో వచ్చి, మూసిన గేటు ముందు బస్తాలేసుకుని కూర్చున్నాడు. గురువారం నాటి నా పేజీని శుక్రవారం సిగ్నల్ లేనిచోట చూసి, అందులోని 'రేపు' శనివారమనుకున్నాడు. "నీ ఫోను పాతదైంది బాబాయ్" అని తేల్చేశాను. ఆయన పాపం నమ్మి కొత్త ఫోను కొన్నాడు.

ఆ సంగతి చెప్పాను. చెల్లె నవ్వి నవ్వి సంచుల మీద వాలిపోయింది.

"యా అల్లా! ఫోను కొనిపిచ్చినవా?"

"మా దుకాణంల సంచులు కొనిపియ్యరాదూ బేటా, జర గిరాకీ పెరుగుతది," అన్నాడు చాచా.

మా సైట్‌లోంచి నా ప్లగిన్‌ను నా చేతులతోనే తీసేశాను. బాధ కలగలేదంటే అబద్ధం. గ్రూపులో "తాలు నాదే, ఏరేసిన" అని రాశాను. మెచ్చుకోళ్ళ కన్నా నవ్వులే ఎక్కువొచ్చాయి. నా సగంలో చెల్లె ఉంచమన్నది ఒకటుంది, ఎండలోనూ కనబడే ఆ పెద్ద అక్షరాలు. "గవి మంచిగున్నయి అన్నా, ఉండనియ్," అంది.

సీజన్ మొదలయ్యాక ఒక శనివారం పొద్దున బాబాయి ఫోన్ చేశాడు. మళ్ళీ గేటు ముందే ఉన్నాడేమో అనుకున్నాను.

"ఏందిరా, ఇది పాత సమాచారం అంటున్నది నా ఫోను?"

"అవ్ బాబాయ్. ఇయ్యాల యార్డు బంద్. బయల్దేరినవా ఏంది?"

"ఏడికి బయల్దేరుడు? నిన్న గూడ గట్లనే అంటే గుట్టెక్కి నెట్ పట్టి చూసుకున్న. ఇంట్ల పండుకున్న. మంచిగ చేసినవ్ బిడ్డా."

"నేను కాదు బాబాయ్, చెల్లె చేసింది," అన్నాను. ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

"గట్లనా? మరి నువ్వేం చేసినవ్?"

"అక్షరాలు పెద్దగ చేసిన."