పసుపు పూసిన కార్డు

ముందుగా ఒక మాట. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది... కాగితం మీద రాసిస్తే మా మనవరాలు ఫోనులో కొడుతోంది. తప్పులుంటే అవి నావి, ఆ పిల్లవి కావు. మన్నించండి.

మా చిన్నప్పుడు... నాయనమ్మ మంచం పక్కన, పీట మీద పోస్టుకార్డు పెట్టుకుని రాస్తున్నాను. నాకు పదేళ్ళు. బందరుకు దిగువన సముద్రపు ఒడ్డు ఊరు మాది. నాయన కాకినాడలో పెద్ద బోట్ల మీద వేటకు వెళ్ళేవాడు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది నాకొక్కడికే. అమ్మ చెప్పాలి, నేను రాయాలి.

"అత్తమ్మకి నెమ్ము చేసిందని రాయి. గంజి కూడా దిగటం లేదని రాయి. కార్డు అందగానే బయలుదేరి రమ్మను."

"వాడి వేట చెడగొట్టమాకే," అంది నాయనమ్మ కళ్ళు మూసుకునే.

"నువ్వూరుకో అత్తమ్మా. నువ్వు రాయరా."

కాసేపాగి నాయనమ్మే మళ్ళీ అంది. "ఒక్కసారి వచ్చి కనపడి పొమ్మను... చాలు."

అదీ రాశాను. టెలిగ్రాం ఇవ్వచ్చు కదా అంటారేమో. ఆ రోజుల్లో టెలిగ్రాం అంటే చావు కబురే. చూడగానే నాయన గుండె ఆగిపోతుందని అమ్మ భయం.

కార్డు అడుగున రెండు వేళ్ళ ఖాళీ మిగిలింది. ముందురోజే మా బళ్ళో మేష్టారు చెప్పారు, అయిదో తరగతి నేను ప్యాసయ్యానని... అందరికన్నా ముందున్నానని. ఆ ఖాళీలో అది రాశాను. అమ్మకు చెప్పలేదు. నాయన చదివించుకుని మురిసిపోవాలి, అంతే.

శుభవార్త రాసిన కార్డుకు నాలుగు మూలలా పసుపు పెట్టడం మీ అందరికీ తెలిసిందే. వంటింట్లో కొబ్బరిచిప్పలో నూరిన పసుపు ఉంది. వేలితో నాలుగు మూలలా పూసి, పరుగెత్తుకెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను.

తరువాత ఏం జరిగిందో నాయన చెబితేనే తెలిసింది.

కార్డు అందేసరికి బోటు బయలుదేరుతోందట. బోటులో చదువు వచ్చినవాళ్ళు లేరు. ఐసు కొట్టు గుమాస్తా దగ్గరికి వెళ్ళి చదివించుకోవాలి. నాయన కార్డు తిప్పి చూశాడు... పసుపు. మా మేనత్తకు అప్పట్లో సంబంధాలు చూస్తున్నారు.

"చెల్లికి కుదిరినట్టుందిరోయ్," అని పక్కవాళ్ళకు చూపించాడట.

"అయితే భోజనాలెప్పుడు బావా?" అన్నారట వాళ్ళు.

మంచి కబురుకు తొందరేముంది... కార్డు పొగాకు సంచిలో దోపుకుని వేటకు వెళ్ళిపోయాడు. ఆరు రోజులు.

ఇక్కడ నాయనమ్మ రోజూ అడిగేది. "బందరు బస్సు వచ్చిందా?" వచ్చింది అనేవాళ్ళం. ఇంకేమీ అడిగేది కాదు. మొహం మాత్రం వాకిలి వైపే ఉండేది.

ఒడ్డుకు రాగానే నాయన ముందు చెల్లెలికి ఎర్రచీర కొన్నాడు. ఆ తరువాత గుమాస్తా దగ్గరికి వెళ్ళాడు. గుడివాడలో బండి మారి, బందరులో దిగి ఇల్లు చేరేసరికి నాయనమ్మ పోయి మూడో రోజు.

అమ్మ ఏడుపు కాస్త నెమ్మదించాక, నాయన సంచిలోంచి కార్డు తీశాడు.

"దీనికి పసుపెందుకు పూశావే?"

"నేనెందుకు పూస్తాను?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను గుంజ చాటున నిలబడి, ప్యాసయ్యానని అన్నాను.

నాయన కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కార్డు నా చేతికిచ్చి, "చదువు," అన్నాడు. చదివాను. అమ్మ మాటలు చదివాను. నాయనమ్మ మాట చదివాను. చివరి ముక్క దగ్గర ఆగిపోయాను.

కార్డు వెనక్కి తీసుకుని అన్నాడు. "నీ సంగతి వేరే కార్డు మీద రాయాల్సిందిరా."

అంతే. బతికున్నంత కాలం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తరువాత బందరు హైస్కూల్లో తెలుగు మేష్టారు చెప్పారు... ఏది చదివినా, రాసినవాడు ఎవడు, ఎందుకు రాశాడు, ఎక్కడ నిలబడి రాశాడు అని అడగండర్రా అని. పిల్లలంతా పరీక్షలో వస్తుందేమోనని రాసుకున్నారు. నేను తలవంచుకుని కూర్చున్నాను.

ఆ పైన ఊళ్ళో ఎందరికో ఉత్తరాలు రాసిపెట్టాను. నా మాట ఒక్కటి కూడా కలపలేదు. "ఏందయ్యా, నీ ఉత్తరం కరెంటాఫీసు నోటీసులా ఉంది," అని ఎగతాళి చేసేవాళ్ళు. నిజమే. ఒకామె కొడుక్కి రాయమని ఏడుస్తూ చెప్పేది... నేను 'ఇక్కడ అందరం క్షేమం' అని, ఆమె చెప్పిన మాటే రాసేవాణ్ణి. ఆమె కన్నీళ్ళు కార్డు మీదకు రాలేదు. వదిలేసింది కూడా నేనే కదా. ఏమీ కలపకపోయినా అది నా రాతే అయిందని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఫోనులోకి పొద్దున లేస్తే వంద కబుర్లు వస్తున్నాయి. "తాతయ్యా, ఇది నిజమేనా?" అంటుంది మనవరాలు. ఎవరు రాశారమ్మా అంటే, "ఏమో, గ్రూపులో వచ్చింది," అంటుంది. కార్డు కింద సంతకం ఉండేది. ఎవరిని నిలదీయాలో తెలిసేది... ఇప్పుడు అదీ లేదు.

ఇది కూడా నా వైపు నుంచి రాసిందే. పదేళ్ళ పిల్లాడు, తెలియక చేశాడు అని మీరనాలనే రాశానేమో... నాకే తెలియదు. నాయనమ్మ వైపు నుంచి రాస్తే ఇది వేరేగా ఉంటుంది. ఆవిడకు రాత రాదు. వాకిలి వైపు చూసిన ఆ రోజులు ఆవిడతోనే పోయాయి.

మీలో ఎవరైనా ఇంకొకరి కోసం ఉత్తరం రాసినవాళ్ళు ఉంటే చెప్పండి. మీరేం కలిపారు, ఏం వదిలేశారు... త్వరగా రాయండి. మా వయసు వాళ్ళకు ఎదురు చూపు ఎక్కువ రోజులు సాగదు.