అత్తకు పడ్డ ఎనిమిదులు

వేరుశెనగ విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే రోజుల్లో మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, ఏటా చిలమత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లుండేది. మధ్యాహ్నం ఎండకు బయట కాలు పెట్టలేం. నడవలో బండల మీద చాప పరిచి, అట్టముక్క మీద గళ్లు గీసుకుని, అత్త, అమ్మ, చెల్లెలు, నేను బారాకట్ట ఆడేవాళ్లం. గెలిచినవాళ్ల వంతు కాయలు కూడా ఓడినవాళ్లే ఒలవాలి. రెండు చాటలు ఒలిచేసరికి బొటనవేలి గోరు కింద మంట పుడుతుంది.

పాచికలుగా నాలుగు చింతగింజ బద్దలుండేవి. ఒక పక్క ఉబ్బుగా, నల్లగా. ఇంకో పక్క అరగదీసి చదునుగా, తెల్లగా. ఎన్ని తెల్లవి పైకి పడితే అన్ని గళ్లు జరగాలి. నాలుగూ నల్లగా పడితే మాత్రం ఎనిమిది.

ఏటా అత్తకే ఎనిమిదులు ఎక్కువ పడేవి. మొన్న ఎండాకాలం నేను వాటిని లెక్కపెట్టాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. బద్ద నల్లగా పడే అవకాశం సగం అనుకుంటే, రెండు కలిసి అట్లా పడటానికి సగంలో సగం, నాలుగూ పడటానికి పదహారింటిలో ఒకటి. వరుసగా రెండు ఎనిమిదులంటే పదహారును పదహారుతో గుణించాలి. రెండు వందల యాభై ఆరింటిలో ఒక్కటి. అత్త ఒకే పూట రెండుసార్లు ఆ పని చేసింది. బద్దలు మార్చిందని నాకు అనుమానం పట్టుకుంది.

ఆమె కునుకు తీస్తుంటే బద్దలు తెచ్చి, చాప మీద చాలాసేపు వేసి చూశాను. తెలుపూ నలుపూ దాదాపు సమానంగానే పడ్డాయి. దాంతో అనుమానం బద్దల మీది నుంచి ఆమె చేతి మీదికి మళ్లింది.

మరునాడు ఆట చూడటం మానేసి ఆమె చెయ్యే చూశాను. మేమంతా చాప మీద వేస్తున్నాం. అత్త చాప అంచున కూర్చుని, బద్దలను బండ మీదికి విసురుతోంది. సాయంత్రం నేనూ బండ మీద వేసి చూశాను. గట్టి రాతి మీద ఎగిరెగిరి, చివరికి చదును పక్కే కిందికి పెట్టుకుని నిలుస్తున్నాయి. మూడింటిలో రెండుసార్లు నలుపే. మూడింట రెండును నాలుగుసార్లు గుణిస్తే, ఎనిమిది పడే అవకాశం ఇంచుమించు అయిదింటిలో ఒకటి.

"అత్తా, నువ్వు చాప మీద ఎందుకు వెయ్యవు?" అని అడిగాను.

"బండ మీద వెయ్యొద్దని ఎవురన్నా చెప్పినారా?"

"చెప్పలేదు. ఆడ నల్లవే ఎక్కువ పడతాండాయి."

"నీకిప్పుడు తెలిసింది. నాకు పెండ్లి కాకముందే తెలుసు."

అమ్మ ఒలవడం ఆపేసింది. "అంటే ఇన్నేండ్లూ నీ కాయలన్నీ నాతో ఒలిపించినావా?"

"నువ్వూ ఈడ వేసింటే నీకూ పడేవి కదా వదినా."

అమ్మ నిండు చాట అత్త ముందుకు తోసింది. అప్పటినుంచి అందరం బండ మీదే వేశాం. అత్త కూడా మాలాగే ఓడుతూ, గెలుస్తూ వచ్చింది. అమ్మ మాత్రం అత్త మజ్జిగ పోసినా, తనకు తక్కువ పోసిందేమోనని గ్లాసులవైపు ఒకసారి చూసేది.

అత్త ఊరికి పోయే ముందు రోజు ఆమె పక్కన కూర్చుని కాయలు ఒలుస్తూ అడిగాను.

"ఇట్లాంటివి ఇంకా ఏమన్నా ఉండాయా అత్తా?"

"ఉంటే నీకు చెప్తానా?" అని ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో పోసుకుంది.