వెంకట్రాజం గుర్రం ఆట

వరంగల్ చౌరస్తా దాటి మా బజారులోకి తిరిగితే తాళ్లు, టార్పాలిన్లు అమ్మే వెంకట్రాజం అన్న దుకాణం ఉంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీరల ఫాల్సులు అమ్మే మ్యాచింగ్ సెంటర్ నాది. నా పేరు భారతి. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా నాకు కనిపించే మొహం ఆయనదే. నన్ను కట్టుకున్నవాడి మొహం కూడా అంతసేపు చూడలేదు. చూడాలన్న కోరికా లేదనుకోండి, అది వేరే సంగతి.

వెంకట్రాజం అన్న గల్లా వదిలి లేవడు. ఆయన గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఇంటర్ పరీక్షలు రాసివచ్చిన ఎండాకాలంలో వాళ్ల నాయన తీసుకొచ్చి గల్లా ముందు కూర్చోబెట్టాడట. అప్పటికి మీసం సరిగా రాలేదు. ఇప్పుడా మీసం నెరిసిపోయింది, మనిషి మాత్రం లేవలేదు. ఎవరింట పెళ్లయినా అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేస్తాడు. జ్వరమొస్తే దవాఖానలో సూది వేయించుకుని నేరుగా దుకాణానికే వస్తాడు. గుమాస్తాను పెట్టుకోవచ్చు కదా అంటే, "గల్లా మీద ఇంకోణ్ణి గూసోబెడితె లక్ష్మి నారాజైతది" అంటాడు. లక్ష్మి సంగతి నాకు తెలియదు గానీ, ఆయన భార్య సుభాషిణి వదిన అలిగి నారాజయి చాలా ఏళ్లయింది.

ఆవిడదేమీ గొంతెమ్మ కోరిక కాదు. రామప్ప గుడి చూడాలి, అంతే. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు. ఆ గుడి ఉన్న పాలంపేట రైతులు వడ్ల మీద కప్పడానికి టార్పాలిన్లు కొనేది మా అన్న దగ్గరే. వాళ్లు గుడి గురించి ఎంత చెప్పారంటే, దాని స్తంభాల మీది బొమ్మలన్నీ ఆయనకు నోటికి వచ్చేశాయి. కార్లలో వచ్చినవాళ్లు తోవ అడిగితే గల్లా మీద నుంచే చెయ్యి ఊపుతూ చెప్పేవాడు. "సీదా ములుగు దాటుండ్రి. క్రాస్ రోడ్ వస్తది. కుడి చేతికి మలుగుండ్రి. ఇగ గుడి మీ కండ్ల ముందటనే." రోజూ పొద్దున పోయి సాయంత్రం వస్తున్నవాడికి కూడా అంత ధీమా ఉండదు. ఆయనేమో ఒక్కసారీ పోలేదు. వదిన అడిగినప్పుడల్లా "ఈ సీజన్ పోనియ్యి" అంటాడు. వడ్ల సీజన్ పోతే మిర్చి సీజన్, మిర్చి పోతే వానలు. టార్పాలిన్లు అమ్మేవాడికి సీజన్ కాని కాలం ఏడాదిలో ఎక్కడుంది?

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నన్ను కేకేశాడు. "భారతమ్మా, జర ఇటు రా. గిది చూడు."

ఫోన్‌లో ఏదో ప్రకటన నడుస్తోంది. గుర్రం మీద ఒక మనిషి, ముందు కొండలు, కొండల అవతల సముద్రం. మిర్చి రేట్లు చూస్తుంటే మధ్యలో వచ్చిందట. మనమైతే అలాంటివాటిని చూడకుండా తోసేస్తాం. ఆయన మాత్రం గడప తొక్కిన గిరాకీని సగం బేరంలో వెళ్లగొట్టకూడదన్నట్టు ఆఖరుదాకా చూశాడు. అది ఫోన్లో ఆడుకునే ఆట. ఇంకా తయారవుతోందట. అందులో ఒక పెద్ద దేశమే ఉంటుందట. ఊళ్లు, అంగళ్లు, అడవులు, వానలు, పగలూ రాత్రీ అన్నీ ఉంటాయట. దారి గీసిపెట్టి ఇటే పోవాలని చెప్పేవాడు ఉండడట.

"గుర్రమెక్కి యాడికి పోతె ఆడికి పోవచ్చు చెల్లె. ఎవలూ ఆపరట," అన్నాడు. "నంబర్ పెట్టిన. తయారు కాంగనే మనకు ఖబర్ పంపుతరు."

గ్యాస్ బండకు నంబర్ పెట్టినట్టే చెప్పాడు. ఆ ఆట పేరేమో నాలుగు ఇంగ్లీషు మాటలు. మా బజారులో ఎవరి నాలుకా తిరగలేదు కనుక అది గుర్రం ఆట అయింది.

ఇక మొదలైంది చూడండి ఎదురుచూపు. నేను షట్టర్ ఎత్తేసరికే "ఇంక రాలే చెల్లె" అనేవాడు, రాలేదా అని నేనేదో అడిగినట్టు. ఉగాదికి అన్నారు, రాలేదు. వానలకు అన్నారు, అప్పుడూ రాలేదు. "పెద్ద పని గద. దునియ మొత్తం కట్టాలె. జర టైమ్ పడ్తది" అని ఆ కంపెనీ వాళ్ల తరఫున నాకే సర్దిచెప్పేవాడు. టార్పాలిన్ బండి ఒక పూట ఆలస్యమైతే లారీవాణ్ణి ఏడు తరాలు తిట్టే మనిషి!

మూలమీద ఫోన్ల దుకాణం హరికృష్ణది. అతను అన్న ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, దీంట్ల గుర్రం తోక గూడ పట్టది" అని తేల్చేశాడు. ఆ రోజు నుంచి అన్న ఫోన్ ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. చుట్టాలు పంపిన శుభోదయం గులాబీలు పోయాయి. బావమరిది కొడుకు పెళ్లి వీడియో పోయింది. అయినా చాలలేదు. చివరికి, కట్ట విప్పిన సుతిలి తాడును కూడా పారేయకుండా చుట్టి దాచిపెట్టే ఆ మనిషి కొత్త ఫోన్ కొన్నాడు. నా దుకాణంలో కూర్చున్న దర్జీ ఆ వార్త విని సూదిలో దారం ఎక్కించడం మరిచిపోయాడు.

ఆట రాలేదు గానీ, అందులో మన తరఫున తిరిగే మనిషిని ముందే తయారు చేసుకునే వీలు మాత్రం వచ్చింది. ముక్కు, మీసం, జుట్టు అన్నీ మనమే పెట్టుకోవచ్చు. అన్న నెరిసిన మీసం పెట్టాడు. పొట్ట పెట్టబోతే ఆ ఏర్పాటు లేదు.

"వాళ్ల దునియల పొట్ట ఉన్నోడు ఒక్కడు గూడ లేడా?" అని నిజంగానే బాధపడ్డాడు.

"గుర్రం మీద జాలితోని పెట్టలేదేమో అన్నా," అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సుభాషిణి వదినకు తెలిసింది. నా దగ్గరికి జాకెట్టు ముక్క కోసం వచ్చి, ముక్క సంగతి వదిలేసి కూర్చుంది. "గుర్రమెక్కుతడట భారతీ! నాతోని బస్సెక్కుమంటె తీరిక లేదు." నవ్వుతూనే మొదలుపెట్టింది, మాట పూర్తయ్యేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆ అన్న మీద ఎక్కడలేని కోపం వచ్చింది. వదిన వెళ్లగానే దారి దాటి వెళ్లి అడిగేశాను.

"ఉత్తుత్తి గుర్రమెక్కి తిరిగే బదులు, వదినను నిజంగ రామప్పకు తీస్కపోతె ఏమైతది?"

"షాపు బంద్ వెట్టాలె గద చెల్లె."

"మరి ఆట ఆడుతుంటె గిరాకీని ఎవలు చూస్తరు?"

ఆయనకు ఆ సంగతి ఇన్నాళ్లూ తట్టనే లేదు పాపం. పైగా ఇంకో చిక్కుంది. కొత్తలో గల్లా ముందు అష్టాచెమ్మ ఆడుతూ దొరికితే, అక్కడ కూర్చుని ఏ ఆటా ఆడనని వాళ్ల నాయన ఒట్టు వేయించుకున్నాడట. ఆ నాయన ఫోటో గల్లా పైనే ఉంది. అన్న ఒకసారి ఫోటోను, ఒకసారి ఫోన్‌ను చూసుకుని ఆ రోజంతా దిగాలుగా ఉన్నాడు. మళ్లీ ఆట ఊసెత్తలేదు. మోజు తీరిందనుకున్నాను.

మా బజారులో ఒక అలవాటు ఉంది. పని రోజున పట్టపగలు ఏ దుకాణం షట్టర్ అయినా దిగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. వేరే కారణం మా ఎవరికీ తెలియదు. అప్పుడు మిగతావాళ్లమంతా మర్యాదగా షట్టర్లు సగం దించుతాం. వర్తక సంఘం అధ్యక్షుడు కిషన్ రావు సారు తెల్ల కండువా వేసుకుని వస్తాడు. ఇత్తడి సామాను అమ్మడంలో కన్నా ఇలాంటి ఏర్పాట్లు చేయడంలోనే ఆయన దిట్ట.

ఒక బుధవారం నేను లైనింగ్ గుడ్డ కోసం హోల్‌సేల్ దుకాణానికి పోయి ఆలస్యంగా వచ్చాను. బజారు మొత్తం సగం షట్టర్లతో వంగి నిలబడింది. వెంకట్రాజం అన్న షట్టర్ మాత్రం పూర్తిగా కిందికి దిగి ఉంది.

"ఎవలు సారూ?" అని కిషన్ రావు సారును అడిగాను.

"అదే తెలుస్తలేదమ్మా," అన్నాడాయన గంభీరంగా. "ఇంటికి ఫోన్ చేసినం. సుభాషిణమ్మ ఎత్తింది. అంటె ఆమె గాదు. వాళ్ల బిడ్డకు చేసినం. సుబేదారి దిక్కు ఆఫీసుల మంచిగనే ఉన్నది. వెంకట్రాజం పొద్దున్నే సద్ది పట్టుకొని షాపుకు పోయిండట. ఆయన ఫోన్ ఎత్తుతలేడు." ఆపైన ఇక లెక్క తేలిపోయిందన్నట్టు కండువా సర్దుకున్నాడు. ఆయన వెనకాల హమాలీ మొగిలయ్య అప్పటికే బంతిపూల దండ పట్టుకుని నిలబడ్డాడు.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. వదిన దిగింది. కాళ్లకు చెప్పుల్లేవు. ఏడవడం లేదు, అది చూస్తే నాకు ఇంకా భయమేసింది. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఎదురుగా ఆ మొహం కనపడని బజారును ఒక్క క్షణం ఊహించుకుని, వదిన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మొగిలయ్య వంగి చూసి, "సారూ, బయట తాళమే లేదు. లోపట్నుంచి దించుకున్నట్టున్నది" అన్నాడు. దండ భుజాన వేసుకుని రెండు చేతులతో షట్టర్ పైకెత్తాడు.

లోపల టార్పాలిన్ కట్టల మీద, బనీనుతో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు వెంకట్రాజం. చెవులకు హెడ్‌ఫోన్లు. గల్లా ఖాళీగా ఉంది. నాయన ఫోటోను గోడవైపు తిప్పిపెట్టాడు. వెలుగు పడగానే తల కూడా ఎత్తకుండా, "ఇయ్యాల బంద్. రేపు రాండ్రి" అన్నాడు.

తర్వాత తలెత్తాడు. కండువా, దండ, బజారు జనం, వాళ్ల ముందు చెప్పుల్లేని పెళ్లాం. హెడ్‌ఫోన్లు తీశాడు. మొగిలయ్య దండను గబుక్కున వీపు వెనక దాచాడు.

"ఎవలు పోయిన్రు?" అని భయంభయంగా అడిగాడు అన్న.

నువ్వేనని ఎలా చెబుతాం? చివరికి నేనే కసిరాను. "గుర్రం ఆట వచ్చిందా? గంత దేశముంటే యాడిదాక పోయినవ్ అన్నా?"

ఆయన ఫోన్ మా వైపు తిప్పాడు. కొండలు దూరంగా ఉన్నాయి. సముద్రం జాడే లేదు. ఆట మొదలయ్యే మొదటి ఊళ్లోనే, ఒక అంగడి ముందు గుర్రం దిగి నిలబడి ఉన్నాడు. ఆ అంగట్లో ఒక మనిషి, ముందు కొన్ని మూటలు.

"పొద్దటిసంది చూస్తాన చెల్లె. గీయన అన్నానికి గూడ లేస్తలేడు. ఆట లోపట రాత్రయింది, వాన పడ్డది, మల్ల తెల్లారింది. గట్లనే నిలబడ్డడు. ఒక్కడు గూడ వచ్చి, నేను గూసుంట నువ్వు పోయి రా అంటలేడు. గీయన్ను ఇడిసిపెట్టి యాడికి పోవాలె?"

నవ్వుదామని నోరు తెరిచినవాళ్లంతా, ఎందుకో మరి, నవ్వలేదు. అందరం దుకాణాల వాళ్లమే.

వదిన ముందుకు వెళ్లింది. ఆ ఫోన్‌ను కాసేపు చూసింది. "ఆయన లేవడు. ఆయన్ను గట్లనే చేసిన్రు," అంది నెమ్మదిగా. "మిమ్ముల గిట్ల ఎవలు చేసిన్రు?"

అన్న ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ గల్లా వైపు చూశాడు, గోడకు తిరిగి ఉన్న ఫోటో వైపు చూశాడు. తర్వాత అంగీ తొడుక్కున్నాడు. "ఇప్పుడు బయలెల్లితె గుడి బంద్ గాక ముందే చేరుతమా?" అన్నాడు.

"పోయి రా, ఇయ్యాల షాపు మాత్రం తెరువకు," అని కిషన్ రావు సారు మధ్యలో అందుకున్నాడు. "బజారంత సగం బంద్ పెట్టిచ్చిన. నువ్వు షాపు తెరిస్తె సంఘం ఇజ్జత్ ఏమైతది?"

వదినకు నా చెప్పులిచ్చాను. ఆటో ఎక్కబోతూ అన్న వెనక్కి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "చెల్లె, గీయన్ను జర చూస్తుండు. లేస్తడేమో."

ఏం చెప్పను? మా తిట్లూ మా మాటలూ అలాంటివి గానీ, ఆయన అడిగితే కాదనలేను. ఛార్జర్ పెట్టి, తెర ఆరిపోకుండా మధ్యమధ్య వేలితో తడుతూ నా దుకాణంలో కూర్చున్నాను. అక్కడ వాన పడింది. ఎండ కాసింది. ఎవరో బాటసారి మూటను తడిమి, కొనకుండా పోయాడు. అచ్చం మా గిరాకీలే. ఆ మనిషి లేవలేదు. నేను కూడా అన్నం డబ్బా అక్కడే విప్పుకుని తిన్నాను.

మర్నాడు పొద్దున అన్న ఇంకా షట్టర్ ఎత్తకుండానే నా దగ్గరికి వచ్చాడు. మొహం ఎండకు కమిలి ఉంది.

"లేచిండా?"

"లేవలేదన్నా. గుడి ఎట్లున్నది?"

"గుడి సంగతి తర్వాత చెప్త. అది ఎడమ చేతికి మలగాలెనట చెల్లె! ఇన్నేండ్లు ఎంతమందిని కుడికి పంపిన్నో! అందుకే ఒక్కడు గూడ మల్ల వచ్చి మంచిగున్నదని చెప్పలే." తల పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "మీ వదిన ఆ బొమ్మల ముందట చిన్నపిల్ల లెక్క నవ్వింది" అన్నాడు.

వర్తక సంఘం వెంటనే సమావేశమై, ఇకపై చావు లేకుండా షట్టర్ దించేవాళ్లు బోర్డు పెట్టాలని తీర్మానించింది. అన్న ఒక టార్పాలిన్ ముక్క కోసి, పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాడు. "ఇంట్లో అందరూ క్షేమం. ఊరికే తిరగడానికి పోయినం. రేపు తెరుస్తం." నెలకొకసారి అది ఆయన షట్టర్ మీద వేలాడుతుంది. మొన్న వాళ్లిద్దరూ ఖిలా వరంగల్ పోయి వచ్చారు. ఫోన్లో గుర్రం మాత్రం ఇంకా ఆ అంగడి ముందే ఉంది. అప్పుడప్పుడు తెరిచి, ఆ మనిషిని పలకరించినట్టు చూసి మూసేస్తాడు.

నిన్న సాయంత్రం షట్టర్లు దించే వేళ నేనే దారి దాటి వెళ్లాను.

"అన్నా, ఆ బోర్డు నాకు ఒక్క రోజుకు ఇస్తవా?"

"యాడికి పోతవ్ చెల్లె?"

"ఇంక తెల్వదు," అన్నాను. "ముందుగాల బోర్డియ్యి."